గండిపేట కట్ట దాటని అధికారం: హైదరాబాదు తాగునీటి జలాశయాల పర్యవేక్షణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

1908 మూసీ వరదల అనంతరం హైదరాబాదు నగరానికి ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అనే రెండు జలాశయాలు నిర్మితమయ్యాయి. వరద నివారణ, తాగునీటి సరఫరా అనే రెండు బాధ్యతలు వీటిపై ఉన్నాయి. వీటి పర్యవేక్షణ నిజాం ప్రభుత్వం నుంచి 1989లో ఏర్పడిన జలమండలి వరకు ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1909లో ఇంజనీరు దృష్టి పరీవాహక ప్రాంతంపై ఉండగా, తరువాతి పాలనావ్యవస్థ దృష్టి క్రమంగా కట్టకు, ఆపైన కుళాయికి కుదించుకుపోయిందని, జీఓ 111 ఆ లోటును పూరించడానికి జరిగిన అసంపూర్ణ ప్రయత్నమని ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: మూసీ, ఈసీ, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, జలమండలి, జీఓ 111, పరీవాహక ప్రాంతం, పూర్తి నీటిమట్టం.

1. ఉపోద్ఘాతం

కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (క్రీ.శ. 1369) తెలుగునాట జలవనరుల చరిత్రకు ముఖ్యమైన ఆధారం. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన ఈ సంస్కృత శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను చెప్పింది. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల కావడం వంటి సాంకేతిక దోషాల సరసన ఒక రాజకీయ దోషం కూడా అందులో ఉంది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటమే ఆ దోషం. నీరు ఒకరి నేలపై పుట్టి మరొకరి ఏలుబడిలో నిలిస్తే ఆ చెరువుకు రక్షణ ఉండదన్న అనుభవం దీని వెనుక ఉంది.

ఆధునిక తాగునీటి జలాశయాలకు ఈ దోషం మరో రూపంలో వర్తిస్తుంది. ఇప్పుడు సరిహద్దులు రాజ్యాల మధ్య కాక శాఖల మధ్య ఉన్నాయి. జలాశయంలోని నీరు ఒక సంస్థ అధీనంలోనూ, ఆ నీరు వచ్చే నేల పలు సంస్థల అధీనంలోనూ ఉంటుంది. హైదరాబాదు జంట జలాశయాల శతాబ్ది చరిత్రను ఈ కోణం నుంచి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. జలాశయాన్ని కట్టినవారి గురించి, కట్టించినవారి గురించి రచనలు విస్తారంగా ఉన్నాయి. కట్టిన తరువాత దాన్ని ఎవరు, ఎంత మేరకు కాపాడగలిగారన్నది వేరుగా పరిశీలించదగిన అంశం.

2. జంట జలాశయాలకు పూర్వం

ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1562 ప్రాంతంలో ఏర్పడిన హుస్సేన్‌సాగర్, పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో కమానుల వరుసతో కట్టిన మీరాలం చెరువు చాలాకాలం నగరానికి తాగునీరు అందించాయి. నగర పరిసర గ్రామాల్లో సాగునీటి చెరువుల వ్యవస్థ ఉండేది. తూము ఎప్పుడు తీయాలి, ఎంతసేపు వదలాలి, కట్టకు ఎక్కడ గండిపడే ప్రమాదం ఉంది అన్నవి చూడటం నీరటి పని. చెరువు కట్టించినవారికి, దాన్ని బాగుచేస్తూ నిలిపినవారికి దశబంధ మాన్యం ఇచ్చే సంప్రదాయం శాసనాల్లో కనిపిస్తుంది. ఈ వ్యవస్థను ఆదర్శంగా చిత్రించవలసిన పనిలేదు. నీటి పంపకంలో కులం, భూమి, అధికారం నిర్ణయించిన అసమానతలు అందులోనూ ఉన్నాయి. అయితే చెరువును కాపాడేవాడు, చెరువుపై బతికేవాడు ఒకే ఊరివారు కావడం దాని ప్రత్యేకత. నగరానికి నీరిచ్చే జలాశయం విషయంలో ఈ సామీప్యం ఉండదు. నీరు పుట్టేది పల్లెలో, ఖర్చయ్యేది పట్టణంలో.

హుస్సేన్‌సాగర్ తరువాతి చరిత్ర ఇక్కడ గుర్తుంచుకోదగినది. కొత్త జలాశయాలు అందుబాటులోకి వచ్చాక నగరం ఆ చెరువు నీటిని తాగడం మానుకుంది. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో నగరపు మురుగు, పారిశ్రామిక వ్యర్థాలు నాలాల ద్వారా అందులోకి చేరాయి. తాగునీటి చెరువుగా ఉన్న హోదా పోవడంతో దాన్ని శుభ్రంగా ఉంచవలసిన పాలనాపరమైన కారణం కూడా బలహీనపడింది. ఇదే ప్రశ్న దాదాపు వందేళ్ల తరువాత గండిపేటకూ ఎదురైంది.

3. 1908 వరద – 1909 నివేదిక

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. వేలాదిమంది మరణించారు. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ నిలిచింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం నగర పునర్నిర్మాణానికి, వరద నివారణకు సలహా కోరుతూ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. ఆయన 1909లో కొన్ని నెలలపాటు హైదరాబాదులో పనిచేసి నివేదిక సమర్పించారు.

ఆయన పరిశీలన నదితోనే ఆగిపోలేదు. నగరానికి ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయని, ఆ వర్షానికి వాటిలో 221 చెరువులు తెగిపోయాయని ఆయన లెక్కతేల్చారు. తెగినవాటిలో అధికభాగం ఈసీ పరీవాహకంలోనివి. అంటే వరదకు కారణం అతివృష్టి ఒక్కటే కాదు. ఒకదాని కింద ఒకటిగా ఉన్న గొలుసుకట్టు చెరువులు వరుసగా తెగడంతో నీటి ఉద్ధృతి పెరిగింది. నగరానికి వచ్చిన ఆపద మూలం నగరంలో లేదని, పైనున్న పల్లెల చెరువు కట్టల్లో ఉందని ఈ లెక్క చెబుతుంది.

ఈ అవగాహన నుంచే నగరానికి ఎగువన మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి జలాశయాలు కట్టాలన్న సూచన వచ్చింది. వరదను నిలిపి, నది భరించగలిగిన మేరకే కిందికి వదలడం వీటి ప్రథమ ప్రయోజనం. నగరానికి తాగునీరు దీనికి జోడించిన రెండో ప్రయోజనం. ఈ రెండింటి మధ్య సహజమైన వైరుధ్యం ఉంది. వరదను ఆపవలసిన జలాశయం వానకాలంలో కొంత ఖాళీగా ఉండాలి. తాగునీరు ఇవ్వవలసిన జలాశయం వీలైనంత నిండుగా ఉండాలి. కనుక గేట్లు ఎప్పుడు ఎత్తాలన్న నిర్ణయం ఇక్కడ సాంకేతికమైనదే కాక పాలనాపరమైనది కూడా.

4. ఒకే ప్రభుత్వం, ఒకే నేల

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో గండిపేట గ్రామం వద్ద మూసీపై కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. ఈసీపై కట్టిన హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. నిజాం పెద్దకుమారుని పేరు దీనికి పెట్టారు. ఉస్మాన్‌సాగర్ నిల్వ సామర్థ్యం సుమారు 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌ది సుమారు 2.97 టీఎంసీలు. వీటి పూర్తి నీటిమట్టాలు వరుసగా 1,790 అడుగులు, 1,763.5 అడుగులు. నగరం కన్నా జలాశయం ఎత్తులో ఉండటంవల్ల ఉస్మాన్‌సాగర్ నీరు మోటార్ల అవసరం లేకుండా కాలువ ద్వారా ఆసిఫ్‌నగర్ శుద్ధికేంద్రానికి చేరేది. తరువాతి కాలంలో దూరనదుల నుంచి నీటిని ఎత్తిపోయడానికి అయ్యే విద్యుత్ ఖర్చుతో పోల్చినప్పుడు ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది.

ఈ దశలో పర్యవేక్షణకు ప్రత్యేక చట్టం అవసరమైనట్లు కనిపించదు. జలాశయం కట్టిన ప్రభుత్వం, పరీవాహక గ్రామాల రెవెన్యూను ఏలే ప్రభుత్వం, నగరానికి నీరిచ్చే ప్రభుత్వం ఒక్కటే. పరీవాహకంలో వ్యవసాయం తప్ప చెప్పుకోదగిన పరిశ్రమ లేదు. నగరం చాలా దూరంలో ఉంది. జలాశయాన్ని నిజంగా కాపాడింది ఈ దూరమేనని చెప్పవచ్చు. దూరాన్ని రక్షణగా భావించిన వ్యవస్థ, ఆ దూరం తరిగిపోయినప్పుడు ఏం చేయాలో ముందుగా రాసిపెట్టుకోలేదు.

స్వాతంత్ర్యానంతరం నగర జనాభా పెరగడంతో మంజీరా నీరు 1965లో హైదరాబాదుకు చేరింది. ఆ తరువాతి దశల్లో మంజీరా, సింగూరు జలాలు, 2004 నుంచి కృష్ణా జలాలు, 2015 తరువాత గోదావరి జలాలు తోడయ్యాయి. ఒక్కో నది చేరిన కొద్దీ నగర దృష్టిలో గండిపేట స్థానం తగ్గుతూ వచ్చింది.

5. జలమండలి ఆవిర్భావం – అధికారపు హద్దు

నీటి సరఫరాను, మురుగునీటి పారుదలను ఒకే స్వతంత్ర సంస్థ కిందికి తెచ్చే ఉద్దేశంతో 1989లో ఒక చట్టం వచ్చింది. ఆ ఏడాది నవంబరు 1న హైదరాబాద్ మెట్రోపాలిటన్ నీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి ఏర్పడింది. వ్యవహారంలో దీన్నే జలమండలి అంటారు. ముఖ్యమంత్రి దీనికి అధ్యక్షులు. దైనందిన పాలన మేనేజింగ్ డైరెక్టర్‌ది.

స్వరూపాన్నిబట్టి ఇది సేవాసంస్థ. కనెక్షన్లు ఇవ్వడం, బిల్లులు వసూలు చేయడం, పైపులు వేయడం, నీటిని శుద్ధిచేయడం దీని ప్రధాన విధులు. జంట జలాశయాల నిర్వహణ కూడా దీనికే దక్కింది. అయితే ఆ అధికారం ఆచరణలో పూర్తి నీటిమట్టం దగ్గర ఆగిపోతుంది. శిఖం భూమి హద్దు దాటిన తరువాత లేఔటుకు అనుమతి ఇచ్చేది పట్టణాభివృద్ధి సంస్థ, ఇంటికి అనుమతి ఇచ్చేది పంచాయతీ, పరిశ్రమకు సమ్మతి ఇచ్చేది కాలుష్య నియంత్రణ మండలి, భూమి రికార్డులు చూసేది రెవెన్యూ శాఖ, వాగులపై చెక్‌డ్యాములు కట్టేవి మరికొన్ని శాఖలు. నీటి నాణ్యతకు జవాబు చెప్పవలసిన సంస్థకు ఆ నాణ్యతను నిర్ణయించే నేలపై మాట చెల్లదు. పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషానికి ఇది ఆధునిక రూపం.

6. జీఓ 111: హద్దును పది కిలోమీటర్లకు జరిపే ప్రయత్నం

1980ల చివరినాటికి నగర విస్తరణ పడమటి దిక్కుకు సాగింది. పరీవాహకంలో పరిశ్రమలు, హోటళ్లు, కాలనీలు వచ్చే సూచనలు కనిపించాయి. 1994 మార్చి 31న ప్రభుత్వం జీఓ 192 ద్వారా జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర అభివృద్ధి పనులను నిషేధించింది. దాన్ని సవరిస్తూ 1996 మార్చి 8న జీఓ 111 వెలువడింది. 84 గ్రామాలు, సుమారు 1,32,600 ఎకరాలు దీని పరిధిలోకి వచ్చాయి. కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు మొదలైనవాటిని ఇది నిషేధించింది. గ్రామాల్లో వచ్చే లేఔట్లలో 60 శాతం స్థలాన్ని ఖాళీ స్థలంగా, రోడ్లుగా ఉంచాలని, పరిధిలోని భూమిలో 90 శాతం పరిరక్షణ వినియోగంలోనే ఉండాలని నిర్దేశించింది.

చారిత్రకంగా చూస్తే విశ్వేశ్వరయ్య పరీవాహకంపై పెట్టిన దృష్టిని పాలన ఎనభై ఏడేళ్ల తరువాత తిరిగి అందుకున్న సందర్భం ఇది. అయితే ఇందులో రెండు లోపాలు ఉన్నాయి. మొదటిది, ఇది శాసనసభ చేసిన చట్టం కాదు, కార్యనిర్వాహక ఉత్తర్వు. ఒక ఉత్తర్వు చేసిన దాన్ని మరో ఉత్తర్వు సడలించగలదు. రెండోది, అమలు బాధ్యత పలు సంస్థల మధ్య చీలిపోయింది. నీటి నమూనాలు పరీక్షించేవారికి ఆ నమూనాను చెడగొట్టిన కట్టడాన్ని ఆపే అధికారం లేదు.

మొదటి లోపం త్వరలోనే బయటపడింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనె ఉత్పన్నాల పరిశ్రమకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించగా, రాష్ట్ర ప్రభుత్వం 1997 జూలైలో ప్రత్యేక ఉత్తర్వుతో ఆ పరిశ్రమకు పది కిలోమీటర్ల నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చింది. ఈ వివాదం ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. 1999 జనవరి 27న జస్టిస్ ఎస్.బి. మజ్ముదార్, జస్టిస్ ఎం. జగన్నాధరావులతో కూడిన ధర్మాసనం ముందుజాగ్రత్త సూత్రాన్ని విస్తారంగా చర్చించింది. హాని జరుగుతుందని నిరూపించే భారం ప్రజలపై ఉండదని, హాని జరగదని చూపే భారం పరిశ్రమ పెట్టేవారిపై ఉంటుందని వివరించింది. న్యాయమూర్తులకు శాస్త్రీయ అంశాలపై నిపుణుల తోడ్పాటు అవసరమని గుర్తించి విషయాన్ని నిపుణ సంస్థల పరిశీలనకు పంపింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ భూగర్భజల మార్గాలను పరిశీలించింది. 2000 డిసెంబరు 1న వెలువడిన తుది తీర్పులో తాగునీరు జీవించే హక్కులో భాగమని పేర్కొని, నిషేధిత పరిధిలో మినహాయింపు ఇవ్వడం చెల్లదని న్యాయస్థానం తేల్చింది.

ఈ కేసులో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. జలాశయాన్ని కాపాడే ఉత్తర్వును ఇచ్చినదీ, దాన్ని సడలించినదీ ఒకే ప్రభుత్వం. ఆ నీటిని నగరానికి ఇచ్చే మండలికి అధ్యక్షులైన ముఖ్యమంత్రే ఆ ప్రభుత్వానికి అధినేత. పర్యవేక్షించేవారు, పర్యవేక్షణకు లోబడవలసినవారు ఒక్కరే అయినప్పుడు మూడో స్థానం న్యాయస్థానానికి దక్కింది.

7. 84 గ్రామాల పక్షం

జీఓ 111 చరిత్రను నగరం వైపు నుంచి మాత్రమే రాస్తే అది అసంపూర్ణమవుతుంది. 1998లో హైటెక్ సిటీ, 2008లో శంషాబాద్ విమానాశ్రయం, ఆపై ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక చుట్టుపక్కల భూముల ధరలు విపరీతంగా పెరిగాయి. రేఖకు అవతల ఉన్న ఊళ్ల రైతు భూమికి వచ్చిన ధర, ఇవతల ఉన్న రైతు భూమికి రాలేదు. నగరం తాగే నీటికోసం ఆంక్షలు భరించిన గ్రామాలకు నగరం తన నీటి బిల్లుల నుంచి ప్రతిఫలంగా ఏమీ చెల్లించే ఏర్పాటు జీఓ 111లో లేదు. రద్దు కోరుతూ పంచాయతీలు తీర్మానాలు చేయడానికి ఇదొక ప్రధాన కారణం. అదే సమయంలో ఫామ్‌హౌసులు, ఫంక్షన్ హాళ్లు, విద్యాసంస్థలు ఆ పరిధిలోనే వెలిశాయి. నిబంధన బలహీనులకు గట్టిగా, బలవంతులకు మెత్తగా అమలైందన్న భావన గ్రామాల్లో బలపడింది.

ఇక్కడ న్యూయార్క్ నగర అనుభవంతో పోలిక ఉపయోగపడుతుంది. ఆ నగరం తన తాగునీటిలో అధికభాగాన్ని కాట్స్‌కిల్, డెలావేర్ కొండ ప్రాంతాల జలాశయాల నుంచి పొందుతుంది. జీఓ 111 వచ్చిన మరుసటి ఏడాది, 1997 జనవరిలో, నగరానికి, ఎగువ గ్రామాలకు మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఇష్టపడి అమ్మేవారి నుంచే నగరం భూమి కొనడం, ఎగువన మురుగు శుద్ధికి, సేద్య పద్ధతుల మెరుగుదలకు నగరమే ఖర్చు పెట్టడం అందులోని ముఖ్యాంశాలు. ఆ ఒప్పందంలోనూ ఘర్షణలు లేకపోలేదు. అయినా పరీవాహక రక్షణకు ఖర్చు ఉంటుందని, దాన్ని నీరు తాగేవారు భరించాలని అక్కడ ముందుగానే ఒప్పుకున్నారు. హైదరాబాదులో ఆ ఖర్చును ఉత్తర్వు రూపంలో గ్రామాలపైకి నెట్టారు. అందుకే జీఓ 111కు గ్రామాల్లో సమ్మతి ఏర్పడలేదు.

8. తాగని నీటికి రక్షణ

2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వం జీఓ 69 ద్వారా జీఓ 111లోని ప్రధాన ఆంక్షలను, నీటి నాణ్యత దెబ్బతినరాదన్న షరతుతో, తొలగించింది. 2023 మేలో మంత్రిమండలి పూర్తి రద్దుకు నిర్ణయించింది. ఒకప్పుడు నగర సరఫరాలో పావు వంతుకు పైగా అందించిన ఈ జలాశయాల వాటా ఇప్పుడు రెండు శాతం కూడా లేదన్నది దీనికి చూపిన ముఖ్య కారణం.

ఈ వాదన అంకెల్లో సరైనదే కావచ్చు. కానీ జలాశయాల విలువను కుళాయికి చేరే నీటితో మాత్రమే కొలవడం 1909 నివేదిక తర్కానికి విరుద్ధం. వరదను ఆపడమే వీటి తొలి ప్రయోజనం. 2020 అక్టోబరులో కుంభవృష్టికి హిమాయత్‌సాగర్ నిండి గేట్లు ఎత్తినప్పుడు మూసీ తీరంలోని లోతట్టు ప్రాంతాలు ఆ విషయాన్ని అనుభవించాయి. పరీవాహకంలో కాంక్రీటు పెరిగిన కొద్దీ వాననీరు ఇంకకుండా వేగంగా జలాశయానికి చేరుతుంది. అప్పుడు గేట్లు ఎత్తవలసిన సందర్భాలు, అందుకు దొరికే సమయం రెండూ మారతాయి. ఆ గేట్లు జలమండలి చేతుల్లో ఉన్నాయి. ఆ వేగాన్ని నిర్ణయించే భవన అనుమతులు దాని చేతుల్లో లేవు.

2024 జూలైలో చెరువుల పరిరక్షణ, విపత్తు నిర్వహణలకు హైడ్రా ఏర్పడటంతో ఈ రంగంలోకి మరో సంస్థ వచ్చింది. 2025 సెప్టెంబరులో ఉస్మాన్‌సాగర్ వద్దనే గోదావరి రెండు, మూడు దశల పథకానికి శంకుస్థాపన జరిగింది. మల్లన్నసాగర్ నుంచి తెచ్చే 20 టీఎంసీలలో కొంత భాగంతో జంట జలాశయాలను నింపి మూసీని పునరుజ్జీవింపజేయడం అందులోని ఒక లక్ష్యం. సొంత పరీవాహకపు రక్షణ సడలుతున్న జలాశయానికి దూరనది నీటిని ఎత్తిపోసి నింపడమన్నది చారిత్రకంగా విచిత్రమైన స్థితి. తెచ్చిన నీరు ఎంత స్వచ్ఛమైనదైనా, దానితో కలిసేది చుట్టుపక్కల వాగుల నీరే. కనుక గోదావరి వచ్చినంత మాత్రాన పరీవాహక పర్యవేక్షణ అవసరం తీరిపోదు.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, 1909లో పరీవాహకం మొత్తాన్ని ఒకటిగా చూసిన దృష్టి పాలనావ్యవస్థలో కొనసాగలేదు. 1989 చట్టం నీటిని ఒక సంస్థకు అప్పగించి, నేలను ఇతర సంస్థలకు వదిలింది. రెండు, జీఓ 111 ఆ చీలికను పూరించబోయినా, చట్టబలం, అమలు చేసే ఏకైక సంస్థ, ఎగువ గ్రామాలకు న్యాయమైన ప్రతిఫలం అనే మూడింటిలో ఏదీ దానికి సమకూరలేదు. మూడు, జలాశయ రక్షణను దాని నుంచి తాగే నీటి శాతానికి ముడిపెట్టడంవల్ల కొత్త నది వచ్చిన ప్రతిసారీ పాత జలాశయం రక్షణ కోల్పోయే పరిస్థితి ఏర్పడింది. హుస్సేన్‌సాగర్ ఈ దారిలో ముందుగా నడిచింది.

కొత్త తాగునీటి జలాశయం కట్టే ఏ నగరానికైనా ఈ చరిత్ర ఉపయోగపడుతుంది. కట్ట ఎత్తు, నిల్వ సామర్థ్యం, పైపుల పొడవు నిర్ణయించే దశలోనే ఆ కట్టకు ఎగువనున్న నేలపై ఎవరి మాట చెల్లుతుందో, ఆ నేలమీది మనుషులకు ఎవరు ఏమి చెల్లిస్తారో కూడా నిర్ణయం కావాలి. గండిపేట విషయంలో ఆ ప్రశ్న జలాశయం నిండిన డెబ్బై ఏళ్లకుగాని తలెత్తలేదు. అప్పటికే భూమి ధర నీటి ధరను మించిపోయింది.